నాస్ మొరాయిస్తే: ఇంట్లోనే ప్రయత్నమా, డేటా రికవరీ ల్యాబా?

నాస్ అంటే నెట్‌వర్క్‌కు తగిలించే, పలు డిస్కులుండే స్టోరేజీ పెట్టె. అందులో డేటాను డిస్కులన్నిటికీ పంచి దాచే రెయిడ్ 5 పద్ధతి వాడితే ఒక డిస్కు పోయినా డేటా ఉంటుంది, రెండోదీ పోతే కష్టం. అందుకే ఏ దారైనా ముందు నాస్ ఆపేయండి, డిస్కులకు వరుస నంబర్లు వేయండి. రీబిల్డ్ (పోయిన డిస్కు డేటాను తిరిగి రాసే ఆప్షన్) నొక్కకండి!

ఖర్చు: ఇంట్లో అయితే అంతే సైజు ఖాళీ డిస్కులు కొంటే చాలు, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో దొరుకుతాయి. ల్యాబ్ బిల్లు చాలా ఎక్కువ.

శ్రమ: ఇంట్లో డీడీరెస్క్యూ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌తో ప్రతి డిస్కునూ కాపీ తీసి, ఆ కాపీలనే లైనక్స్‌లో ఎండీఏడీఎం అనే రెయిడ్ టూల్‌తో కలపాలి. ల్యాబ్‌లో అప్పగిస్తే సరి.

ప్రమాదం: డిస్కు టకటకమంటే బహుశా డేటా చదివే హెడ్ దెబ్బతింది. కరెంటిచ్చిన ప్రతిసారీ డేటా ఉండే పళ్లెం (ప్లేటర్) గీరుకుపోవచ్చు. అక్కడ సాఫ్ట్‌వేర్ పనికిరాదు.

పెట్టె పాడై డిస్కులు బాగుంటే ఇంట్లోనే చేసుకోండి. శబ్దం వచ్చినా, వేరే కాపీ లేని పిల్లల ఫోటోలున్నా ల్యాబ్‌కే ఇవ్వండి. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే రాయించుకోండి.