ఉబ్బసం ఉన్న పిల్లలకి ఆపరేషన్ ప్యాకేజీ కొంటున్నారా? ముందు మత్తు డాక్టర్‌ని చూపించమనండి

మా పాపకి ఏడేళ్లు, ఉబ్బసం ఉంది. టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) తీయడానికి ఒక ఆసుపత్రిలో ప్యాకేజీ తీసుకున్నాం. పొద్దున చేరితే సాయంత్రం ఇంటికి పంపేస్తామన్నారు. సర్జన్ గొప్పతనం గురించి అరగంట చెప్పారు. మత్తు ఎవరిస్తారో మాత్రం థియేటర్ గుమ్మం దాకా మాకు తెలీదు.

ముందురోజు ఫోన్‌లో ఫారం నింపారు. "ఆస్తమా ఉందా? కంట్రోల్‌లో ఉందా?" ఉంది, ఉంది అన్నాను. అంతే. పది రోజుల కిందట పాపకి జలుబు చేసి తగ్గిందని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. "పొద్దున నోట్లో ఏమీ పెట్టకండి" అన్నారని ఇన్‌హేలర్ కూడా మానేశాను. నాదే తెలివితక్కువతనం అనుకోండి, కానీ ఆ ముక్క చెప్పాల్సింది వాళ్లే కదా.

ఆపరేషన్ బాగానే అయింది. మత్తులో ఊపిరి అందడానికి గొంతులో వేసిన ట్యూబ్ తీసేటప్పుడు పాప ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయాయి, ఆక్సిజన్ పడిపోయింది. మళ్లీ ట్యూబ్ వేసి, ఆ రాత్రి ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు బాగుంది.

తర్వాత మా ఆస్తమా డాక్టర్ చెబితే అర్థమైంది. జలుబు పైకి తగ్గినా ఊపిరి గొట్టాలు వారాల తరబడి ఇట్టే బిగుసుకుపోయేలా ఉంటాయట. అందుకే తొందరలేని ఆపరేషన్‌ని కనీసం రెండు వారాలు, చాలాచోట్ల నాలుగు నుంచి ఆరు వారాలు వాయిదా వేస్తారు. ట్యూబ్ వేసేటప్పుడు, తీసేటప్పుడే ప్రమాదం ఎక్కువ. పైగా టాన్సిల్స్ ఆపరేషన్ జరిగేదే ఊపిరి దారిలో. పరగడుపున ఉండమంటే తిండికీ నీళ్లకే. రోజూ వాడే ఇన్‌హేలర్ ఆ పొద్దున కూడా వాడాలి. థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే డబ్బా) సాల్బుటమాల్ అనే గొట్టాల్ని వదులు చేసే మందు కూడా ఇస్తారట. మత్తు గ్యాసులన్నీ ఒకటి కావు: సెవోఫ్లూరేన్ గొట్టాల్ని వదులు చేస్తుంది, డెస్‌ఫ్లూరేన్ వాటిని రేపి బిగిసేలా చేస్తుంది. అందుకే మత్తిచ్చే మనిషి పాపని ముందే చూసి, ఛాతీ విని, చివరిసారి పిల్లికూతలు ఎప్పుడొచ్చాయో, ఈ మధ్య స్టెరాయిడ్ మాత్రలు వాడారా, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అని అడగాలి. ఫోన్‌లో నింపిన ఫారం ఇవేవీ చేయదు.

కాబట్టి డబ్బు కట్టకముందే మత్తు డాక్టర్‌తో ముఖాముఖి కావాలని పట్టుబట్టండి. "ఆ రోజు చూస్తారులెండి" అంటే లేచి వచ్చేయండి. ఆపరేషన్ రోజు పొద్దున దగ్గు మొదలైతే, సెలవు పెట్టాం కదా అని దాచొద్దు. పిల్లల కోసం ఐసీయూ ఆ భవనంలోనే ఉందా, రాత్రి ఉంచాల్సివస్తే ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద రాయించుకోండి.

మాకైతే ఐసీయూ బిల్లు వేరే వేశారు. ప్యాకేజీ కాగితం వెనక చిన్న అక్షరాల్లో "అనుకోని సమస్యలు వర్తించవు" అని ఉంది. ఉబ్బసం సంగతి మొదటి రోజే చెప్పాం, ఇది అనుకోనిదెలా అయిందని రాసి ఇచ్చాను. ఇంకా జవాబు లేదు.