టెండర్ పోర్టులో పొద్దున్నే టూర్ బుక్ చేసుకునేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి

క్రూయిజ్‌లో వెళ్తూ, షిప్ వాళ్ల టూర్ వద్దనుకుని బయట సొంతంగా టూర్ మాట్లాడుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా "ప్రయారిటీ టెండర్" (అంటే షిప్ నుంచి ఒడ్డుకు చేర్చే చిన్న బోట్లలో ముందు వంతు) అని రాసి షిప్ వాళ్లు అమ్మే ప్యాకేజీ కొనబోతున్నవాళ్లు దయచేసి ఒక్క నిమిషం ఆగండి. మేం ఆ మాట నమ్మి కొన్నాం. గ్రీసులోని సాంటోరిని దీవిలో మా టూర్ పోయింది, దానికి కట్టిన డబ్బూ పోయింది.

మా షెడ్యూల్లో షిప్ చేరే టైమ్ ఉదయం 7:00 అని ఉంది. అది చూసుకుని 8:30కి టూర్ బుక్ చేశాం. ఫిరా ఊళ్లో కేబుల్ కార్ పై స్టేషన్ దగ్గర గైడ్ కలుస్తారు, అక్కణ్ణుంచి మినీబస్సు. చేతిలో గంటన్నర ఉంది, పైగా ప్యాకేజీ కొన్నాం కాబట్టి మొదటి బోట్లలోనే దిగిపోతాం అనుకున్నాం. మాతో మా అత్తగారు ఉన్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఎండ ముదరకముందే చూడాల్సినవి చూసేసి వచ్చేద్దామనే ఈ తాపత్రయమంతా.

7:00 అంటే షిప్ ఆ చోటికి చేరే టైమ్ మాత్రమే, మనం నేల మీద కాలు పెట్టే టైమ్ కాదు. స్థానిక అధికారులు క్లియరెన్స్ ఇచ్చేదాకా ఎవరినీ దిగనివ్వరు. షిప్ రేవుకు ఆనుకుని ఆగే పోర్టులైతే ఆ తర్వాత పెద్ద ఇబ్బంది ఉండదు, గ్యాంగ్‌వే (షిప్ నుంచి రేవులోకి దిగే దారి) తెరవగానే నడిచి వెళ్లిపోవచ్చు. టెండర్ పోర్టుల్లో అలా కుదరదు. సాంటోరినిలో షిప్ ఆగేది కాల్డెరాలో, అంటే అగ్నిపర్వతం పేలి కుంగిపోయిన చోట నిండిన సముద్రంలో. అక్కడ లోతు కొన్నిచోట్ల 300 మీటర్లు దాటుతుంది. పెద్ద షిప్ నీళ్ల మధ్యలోనే నిలబడుతుంది, చిన్న బోట్లు వచ్చి జనాన్ని విడతలు విడతలుగా ఒడ్డుకు చేరుస్తాయి. ఆ బోట్లనే టెండర్లంటారు. ఆ విడతల్లో మన వంతు ఎప్పుడన్నదే అసలు సమస్య.

ఆ రోజు 6:45కల్లా తయారై, మాకు చెప్పిన లాంజ్‌లో కూర్చున్నాం. 7:20 దాటాక క్లియరెన్స్ వచ్చిందని అనౌన్స్‌మెంట్. వెంటనే షిప్ టూర్ల వాళ్లను గ్రూప్ నంబర్ల వారీగా పిలవడం మొదలైంది. చొక్కాల మీద రంగు స్టిక్కర్లు అంటించుకుని వరుసగా మా ముందు నుంచే వెళ్తున్నారు. ఒక గ్రూప్, రెండు గ్రూపులు, ఐదు గ్రూపులు. 8:00 అయింది. నేను కౌంటర్ దగ్గరికి వెళ్లి, మాది ప్రయారిటీ అండీ అని ప్యాకేజీ కాగితం చూపించాను. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది: "అవునండీ, షిప్ టూర్లన్నీ వెళ్లాక మొదట మీరే." అంటే మాకు దక్కిన ప్రయారిటీ ఏమిటంటే, టెండర్ టికెట్ నంబర్లు పట్టుకుని కూర్చున్న మిగతా ప్రయాణికుల కంటే ముందు వెళ్లడం, అంతే. షరతుల్లో ఈ ముక్క ఉందట. తర్వాత వెతికితే నిజంగానే ఉంది, నాలుగో పేజీలో ఒక్క వాక్యం. ప్యాకేజీ అమ్మిన పేజీలో మాత్రం ఎక్కడా లేదు. నాకు కోపం వచ్చింది అందుకే.

మేం టెండర్ ఎక్కేసరికి 8:50. పాత రేవులో దిగితే ఎదురుగా నిట్టనిలువు కొండ, ఊరు దాని నెత్తిన ఉంటుంది. పైకి వెళ్లాలంటే కేబుల్ కార్, లేదంటే ఆరు వందలకు దగ్గరగా మెట్లు. గాడిదల మీద కూడా తీసుకెళ్తారు కానీ ఆ ఎండలో వాటి అవస్థ చూశాక మాకు మనసొప్పలేదు. కేబుల్ కార్ ప్రయాణం కొద్ది నిమిషాలే. దాని కోసం నిలబడ్డ క్యూ మాత్రం నలభై నిమిషాలు. మా అత్తగారు గోడకు ఆనుకుని, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ నిలబడ్డారు, ఒక్క మాట అనలేదు. పైకి చేరేసరికి 9:40. "8:45 వరకు చూశాం, మిగతావాళ్ల కోసం బయల్దేరక తప్పలేదు" అని గైడ్ మెసేజ్ పెట్టి ఉన్నారు. ఆయన్ని తప్పుపట్టను.

టూర్ ఆపరేటర్‌ని రిఫండ్ అడిగితే వాళ్ల షరతు చూపించారు. షిప్ ఆ పోర్టుకు రాకుండా వెళ్లిపోతే మొత్తం డబ్బు వాపసు. షిప్ వచ్చి, మనం దిగడం ఆలస్యమైతే వాపసు లేదు. బుక్ చేసేటప్పుడు "షిప్ రాకపోతే పూర్తి రిఫండ్" అన్న లైన్ చూసి ధైర్యపడ్డాను. ఈ రెండిటికీ తేడా ఉందని నాకు తట్టలేదు. మీరు డబ్బు కట్టేముందు ఆపరేటర్‌ని నేరుగా ఇదే అడగండి: "టెండర్ ఆలస్యమైతే ఏం చేస్తారు?" జవాబు మెయిల్లోనే తీసుకోండి.

షిప్ వాళ్ల దగ్గర ఏదో ఒక చౌక టూర్ కొంటే ముందు దిగిపోవచ్చని కొందరు సలహా ఇస్తారు. సాంటోరినిలో ఆ పని చేసేముందు ఎక్కడ దింపుతారో కనుక్కోండి. షిప్ టూర్ల వాళ్లను చాలాసార్లు పాత రేవులో కాకుండా ఆథినియోస్ అనే వేరే రేవులో దింపి బస్సులెక్కిస్తారు. మీ గైడేమో ఫిరాలో ఎదురుచూస్తూ ఉంటారు.

టైమ్ గురించి ఇంకో మాట. కొన్ని షిప్పులు తమ గడియారాన్ని స్థానిక సమయానికి మార్చవు. ఫోన్ మాత్రం ఒడ్డు సిగ్నల్ అందగానే మారిపోతుంది. టూర్ వాళ్లు చెప్పేది స్థానిక సమయం, షిప్ వెళ్లిపోయేది షిప్ సమయానికి. మాకు ఆ తేడా రాలేదు కానీ, వస్తే ఏకంగా గంట పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి టెండర్ టైమ్ చూసుకోవాలి, షిప్ బయల్దేరే టైమ్ కాదు. సాయంత్రం కిందికి దిగే కేబుల్ కార్ దగ్గరా అంతే క్యూ. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం షిప్ ఆగదు.

మీ షెడ్యూల్లో పోర్టు పేరు పక్కన టెండర్ అనో యాంకర్ అనో ఉంటే, మొదటి టూర్ షిప్ చేరిన మూడు గంటల తర్వాతే పెట్టుకోండి. గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీ లాంటి చోట్ల కూడా జనం ఎక్కువగా టెండర్ల మీదే ఒడ్డుకు వెళ్తారు. ఇప్పటికే పొద్దున టూర్ బుక్ చేసేసి ఉంటే, ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఎప్పటి వరకు ఉందో ఇవాళే చూసి, టూర్‌ని ఇంకా ఆలస్యంగా మొదలయ్యే టైమ్‌కి మార్చమని ఆపరేటర్‌కి రాయండి. గడువులోపు అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.