ఆర్‌లో వొరొనోయ్ బహుభుజులు: ఏళ్ల తరబడి వాడాక డెల్డిర్, ఎస్ఎఫ్, టెర్రా గురించి

వొరొనోయ్ బహుభుజులంటే ప్రతి పాయింట్‌కూ దానికే దగ్గరగా ఉన్న నేలను విడదీసి ఇచ్చే ముక్కలు. గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో వాటిని గీయడానికి ఏ ప్యాకేజీ వాడాలని అడిగేవాళ్లకు జవాబు ముందే చెప్పేస్తాను. రోజువారీ పనికి టెర్రా. వెనకాల లెక్క ఎలా వస్తోందో తెలుసుకోవాలంటే డెల్డిర్. మీ మిగతా పనంతా ఇప్పటికే ఎస్ఎఫ్‌లో నడుస్తుంటే దాన్నే వాడండి, కానీ ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి, అదేంటో కింద రాస్తున్నాను.

నాకు వీటితో పని వర్షపాతం లెక్కల కోసం. ఎక్కువగా మూసీ పరీవాహక ప్రాంతం, అంటే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా ఆ నదికి నీరిచ్చే నేలంతా. చుట్టూ ఉన్న రెయిన్‌గేజ్‌లు, అంటే వాన కొలిచే పరికరాలు, మన పాయింట్లు. ఏ గేజ్‌కు ఏ నేల దగ్గరో అది దాని బహుభుజి. మొత్తం వైశాల్యంలో ఆ బహుభుజి ఎంత వంతో అదే ఆ గేజ్ వెయిట్. సివిల్ చదివినవాళ్లు దీన్ని థీసెన్ పద్ధతిగా చదువుకునే ఉంటారు, పరీక్షలో స్కేలు పెట్టి లంబ సమద్విఖండన రేఖలు గీసి, గ్రాఫ్ పేపర్ మీద గళ్లు లెక్కపెట్టిన పనే ఇది. అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ థీసెన్ 1911లో దీన్ని రాసింది సరిగ్గా వర్షపాతం సగటు కోసమే.

డెల్డిర్ పాతది, రోల్ఫ్ టర్నర్ రాసింది, లోపల ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష. దానికి మ్యాపులతో సంబంధం లేదు, ఎక్స్ వై అంకెలు ఇస్తే చాలు. నాకు దీని మీద గౌరవం ఎందుకంటే ఏదీ దాచదు: ఏ రెండు పాయింట్ల మధ్య ఏ గీత వచ్చింది, ఆ గీత హద్దును తాకిందా లేదా, ఒక్కో టైల్ (అంటే బహుభుజి ముక్క) వైశాల్యం ఎంత, అన్నీ పట్టికల్లో ఇచ్చేస్తుంది. ఐదారు పాయింట్లతో ఒకసారి చేసి ఆ పట్టిక చూస్తే పద్ధతి మొత్తం అర్థమైపోతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ఇదే చెప్తాను. హద్దు మనం ఇవ్వకపోతే పాయింట్ల విస్తీర్ణానికి అన్ని వైపులా పది శాతం కలిపి ఒక దీర్ఘచతురస్రం తనే తీసుకుంటుంది. ఒకే చోట రెండు పాయింట్లుంటే ఒకటి తీసేస్తుంది, కాబట్టి టైల్స్ సంఖ్య పాయింట్ల సంఖ్యతో సరిపోయిందా అని ప్రతిసారీ చూడాలి. పాత గేజ్ పక్కనే ఆటోమేటిక్ స్టేషన్ పెట్టి రెండింటికీ ఒకే అక్షాంశ రేఖాంశాలు రాసిన జాబితాలు తరచూ కనిపిస్తాయి. ఇబ్బందల్లా వచ్చిన టైల్స్‌ను మనమే బహుభుజులుగా మార్చి, నది పరీవాహక హద్దుతో కోసుకోవాలి.

ఇక ఎస్ఎఫ్. మ్యాపుల పనికి ఇది లేకుండా రోజు గడవదు, కానీ ఇందులోని వొరొనోయ్ ఫంక్షన్ మాత్రం కాస్త మొరటుగా ఉంటుంది. పాయింట్లను విడివిడిగా ఇస్తే కుదరదు, ముందు అన్నిటినీ కలిపి ఒకే మల్టీపాయింట్ చేయాలి. బయటికొచ్చేది ఒక జామెట్రీ కలెక్షన్, అందులోంచి బహుభుజులు వేరు చేసుకోవాలి. నేను జాగ్రత్త అన్నది ఇక్కడే: ఆ బహుభుజులు మీ పాయింట్ల వరసలో రావు. స్టేషన్ పేర్లు, వాన అంకెలు ఏవీ వాటితో రావు. పట్టిక పక్కన కాలమ్ అతికించినట్టు అతికించేస్తే శంషాబాద్ వాన భువనగిరి బహుభుజిలోకి వెళ్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, మ్యాపు చూడ్డానికి చక్కగానే ఉంటుంది. ఏ బహుభుజిలో ఏ పాయింట్ పడిందో స్పేషియల్ జాయిన్‌తో కలుపుకోవడం ఒక్కటే నమ్మకమైన దారి. కొత్త వెర్షన్లలో పాయింట్ల వరస కాపాడే ఆప్షన్ వచ్చింది, కానీ దానికి ఎస్ఎఫ్ వెనకాల లెక్కలు చేసే జియోస్ లైబ్రరీ 3.12 ఉండాలి. పాత సర్వర్ల మీద పనిచేసేవాళ్లు జాయిన్‌కే అలవాటు పడటం మేలు. మనమిచ్చే ఎన్వలప్ (బయటి హద్దు) కూడా అది తనంతట తాను తీసుకునే దానికంటే పెద్దదైతేనే పట్టించుకుంటుంది. అందుకే చిన్న హద్దు ఇచ్చి కోసేస్తుందని అనుకోవద్దు, ఇంటర్సెక్షన్, అంటే హద్దుతో కోయడం, విడిగా చేయాల్సిందే.

ప్రొజెక్షన్, అంటే గుండ్రని భూమిని చదునైన మ్యాపుగా మార్చే పద్ధతి గురించి అందరూ భయపెడతారు. మన ప్రాంతంలో నిజానికి పెద్ద తేడా రాదు: 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ సుమారు 106.5 కిలోమీటర్లు, అక్షాంశ డిగ్రీ 110.7, అంటే నాలుగు శాతం లోపే. అయినా డిగ్రీల్లో చేయొద్దు, సమద్విఖండన రేఖలు వంకరపోతాయి, ఎస్ఎఫ్ కూడా వార్నింగ్ ఇస్తుంది. తెలంగాణలో ఎక్కువ భాగానికి యూటీఎం ప్రొజెక్షన్‌లో 44 నార్త్ జోన్ (దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644) సరిపోతుంది. ఆ జోన్ 78 డిగ్రీల తూర్పు దగ్గర మొదలవుతుంది, అనంతగిరి దానికి కాస్త పడమరన ఉంటుంది, కానీ ఆ కొద్ది దూరానికి జోన్ మార్చాల్సిన పనిలేదు. మొత్తం కృష్ణా బేసిన్ తీసుకుంటే మాత్రం యూటీఎం కుదరదు, లాంబర్ట్ లాంటి వేరే ప్రొజెక్షన్ వాడాలి.

టెర్రా దగ్గరికి వస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. పాయింట్లు ఇస్తే బహుభుజులు, వాటితోపాటే స్టేషన్ పేరు, వాన, అన్ని కాలమ్‌లూ వచ్చేస్తాయి. తర్వాత క్రాప్ ఫంక్షన్‌తో నది పరీవాహక హద్దుకు కోసేయడం, ఎక్స్‌పాన్స్ ఫంక్షన్‌తో వైశాల్యం తీసుకోవడం, అంతే. కోసేముందు ఒక్కటి గుర్తుంచుకోండి, పరీవాహకం బయట ఉన్న గేజ్‌లను కూడా కలుపుకోవాలి. అంచున ఉన్న నేలకు బయటి గేజే దగ్గర కావచ్చు, దాన్ని వదిలేస్తే లోపలి గేజ్‌కు దానిది కాని నేలంతా వచ్చి పడుతుంది. కోశాక ముక్కల వైశాల్యాల మొత్తం నది హద్దు వైశాల్యంతో సమానంగా ఉందా, వెయిట్లన్నీ కలిపితే ఒకటి వస్తోందా చూసుకుంటే టెన్షన్ ఉండదు. హద్దు వంకరగా ఉన్నచోట ఒకే బహుభుజి రెండు ముక్కలవుతుంది, అది తప్పు కాదు.

ఈ పని కోడ్‌లోనే ఎందుకు చేయాలని అడిగితే నా జవాబు ఒక్కటే: డేటా లేని రోజులు. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వొరొనోయ్ టూల్ ఉంది, కాలమ్‌లు కూడా కాపాడుతుంది, ఒక్కసారి మ్యాపు కావాలంటే అది చాలు. కానీ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రోజువారీ వాన తీసుకుంటే ఏదో ఒక గేజ్ ఏదో ఒక రోజు పనిచేయదు. ఆ రోజు ఖాళీని సున్నా అనుకుంటే సగటు పడిపోతుంది. సరైన పని, ఆ గేజ్ తీసేసి ఆ రోజుకు బహుభుజులు మళ్లీ గీయడం, దాని నేలను పక్కవాళ్లు పంచుకుంటారు. ఏ గేజ్‌లు పనిచేశాయన్న జాబితా ఒకేలా ఉన్న రోజులన్నిటికీ ఒకేసారి వెయిట్లు తీసి దాచుకుంటే లూప్ త్వరగా అయిపోతుంది. చేత్తో అయితే ఇది జరిగే పని కాదు, అందుకే చాలా రిపోర్టుల్లో ఒకే వెయిట్ల పట్టిక ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంటుంది. నాకు దీని మీద నిజంగా బాధ ఉంది.

మ్యాపు వేసేటప్పుడు ఒక్కో స్టేషన్‌కు ఒక్కో రంగు వేయకండి, వాన పరిమాణాన్ని బట్టి విరిడిస్ లాంటి రంగుల స్కేల్ వాడండి. ఆర్‌లో గ్రాఫులు గీసే జీజీప్లాట్‌లో లేబుల్ పెడితే అది బహుభుజి మధ్యలో కూర్చుంటుంది, స్టేషన్ ఉన్నచోట కాదు. అంచుల్లో ఈ రెండింటికీ చాలా దూరం ఉంటుంది, కాబట్టి స్టేషన్లను చుక్కలుగా విడిగా వేసి పేర్లు వాటి పక్కన పెట్టండి.

కొండల దగ్గర మాత్రం ఏ ప్యాకేజీ తెచ్చినా ఈ పద్ధతి మోసం చేస్తుంది. కృష్ణ పుట్టే మహాబలేశ్వర్‌లో ఏడాదికి 5000 మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది, కొండ దిగి తూర్పున వాయి అనే ఊరు చేరేసరికి అందులో చిన్న వంతే మిగులుతుంది. ఆ రెండింటి మధ్య ఒక గీత గీసి ఇటు ఇంత అటు అంత అంటే పై బేసిన్ లెక్కంతా తారుమారవుతుంది. అక్కడ ఎత్తును కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి వాడాలి. మూసీ లాంటి పీఠభూమి మీద మాత్రం గేజ్‌లు దగ్గర దగ్గరగా ఉంటే నేను ఇప్పటికీ నమ్మేది దీన్నే.

పాత ట్యుటోరియల్స్ చూసి మొదలుపెట్టేవాళ్లకు ఇంకొకటి: వాటిలో కనిపించే ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ ప్యాకేజీలను 2023 అక్టోబర్‌లో ఆపేశారు, జీజీవొరొనోయ్‌ను కూడా ఆర్ ప్యాకేజీలు ఉంచే క్రాన్‌లోంచి తీసేశారు. జీజీప్లాట్‌లోనే నేరుగా గీయాలంటే జీజీఫోర్స్ ప్యాకేజీలో వొరొనోయ్ టైల్ ఉంది, అది వెనకాల డెల్డిర్‌నే పిలుస్తుంది.