నిమిషాల లెక్కా, యాప్ తాళమా, ఇంటి కట్టుబాటా: పిల్లల స్క్రీన్‌కు ఏది మేలు?

"ఇంకో ఐదు నిమిషాలే" అని నేను హెచ్చరించగానే మా చిన్నవాడు ఏడుపు అందుకునేవాడు. ఆపాల్సిన సమయానికి ఇంకా ఐదు నిమిషాలు ఉండేది, వాడి కార్యక్రమం మాత్రం అప్పుడే పాడయ్యేది. నిమిషాల లెక్క మీద నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

అలాగని లెక్కే వద్దనను. ఐదేళ్ల లోపు పిల్లలకు అది ఉండాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది లోపు శిశువులకు స్క్రీన్ అసలే వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, అంతకంటే తగ్గితే ఇంకా మంచిది. దూరాన ఉన్న తాతయ్యతో వీడియో కాల్ మాట్లాడించారని నొచ్చుకోనక్కర్లేదు. ఏడాదిన్నర నిండని పిల్లల విషయంలో అమెరికా శిశువైద్యుల అకాడమీ కూడా దానికి మినహాయింపు ఇచ్చింది.

చిక్కల్లా గడియారం కథ మధ్యలో అడ్డుపడడమే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలున్న కుటుంబాలను గమనించి 2016లో ఒక సంగతి బయటపెట్టారు. రెండు నిమిషాల ముందు హెచ్చరిస్తే పేచీ తగ్గడం లేదు సరికదా, పెరుగుతోంది. ఎపిసోడ్ దానంతట అది ముగిసినప్పుడు మాత్రం పిల్లలు తేలిగ్గా లేచి వస్తున్నారు. ఇది చదివాక నేను నిమిషాలు మానేసి "రెండు కథలు" అనడం మొదలుపెట్టాను. మూడేళ్ల వాడికి ఇరవై నిమిషాలంటే ఏమిటో తెలియదు, రెండంటే తెలుసు. ఒక వీడియో కాగానే ఇంకోటి మొదలయ్యే ఆటోప్లేను ఆపేయకపోతే ఇదీ పనిచేయదు. ఎక్కడా ముగింపు రాకుండా చూడడమే దాని పని మరి.

ఇక యాప్ తాళం, అంటే పిల్లల ఫోను వాడకానికి పెద్దవాళ్లు హద్దు పెట్టే ఏర్పాటు. గూగుల్ ఫ్యామిలీ లింక్ 2017లో, యాపిల్ స్క్రీన్ టైమ్ 2018లో వచ్చాయి. వీటి సుఖం ఒక్కటే: కాదనేది అమ్మ కాదు, ఫోను. రాత్రి ఫలానా వేళకు పరికరం తనంతట తాను మూతపడే ఏర్పాటుకు నేను పూర్తి మార్కులు వేస్తాను. కానీ పగటి పూట? పిల్లవాడు ఇంకాస్త సమయం కావాలని తన పరికరం నుంచే అడగవచ్చు, ఆ వినతి నేరుగా నా ఫోనుకు వస్తుంది. తప్పిందనుకున్న బేరం అలా జేబులోకే వచ్చి కూర్చుంటుంది. పెద్ద పిల్లలైతే పాస్‌కోడ్ నొక్కే వేళ్లను ఓరకంట చూసి పట్టేస్తారు, లేదా తాళం లేని అమ్మమ్మ ఫోను దగ్గరికి వెళతారు. తాళం కాపలా కాస్తుంది కానీ, ఏం చూస్తున్నావురా అని అడగదు.

మూడోది ఇంటి కట్టుబాటు: భోజనాల దగ్గర, పడకగదిలో స్క్రీన్ ఉండదు, అంతే. గంటల ఊసే లేదు. ఆరేళ్లు దాటిన వారికి నా ఓటు దీనికే. ఆ వయసుకు అమెరికా అకాడమీ కూడా 2016లో గంటల అంకె ఏదీ పెట్టలేదు. నిద్రకూ శారీరక శ్రమకూ గండి కొట్టకుండా నిలకడైన హద్దులు ఉండాలంది. బడి పిల్లవాడి స్క్రీన్‌లో పాఠం ఉంటుంది, ఆట ఉంటుంది, స్నేహితుడితో కబురూ ఉంటుంది. వాటన్నిటినీ ఒకే గంటలో కలిపి కొలవడం నాకు అర్థం లేని పనిగా కనిపిస్తుంది. చోటును బట్టి నియమం పెడితే ఆ గొడవ లేదు. పైగా నిద్ర వేళకు మెదడులో ఊరే మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్‌ను స్క్రీన్ వెలుగు వెనక్కి నెడుతుంది కాబట్టి, పడకగది నిషేధం ఒక్కటి నిలిచినా చాలా దక్కినట్టే.

దీని ఖరీదు మాత్రం పెద్దవాళ్లే చెల్లించాలి. భోజనం మధ్యలో నేను ఆఫీసు సందేశం చూస్తుంటే మా పెద్దది ఏమీ అనకుండా నా చేతి వైపే చూస్తూ కూర్చుంది. అలారం కోసం ఫోను పక్కనే ఉండాలన్న నా వాదన కూడా ఎంతో కాలం నిలవలేదు, ఒక అలారం గడియారం కొనాల్సి వచ్చింది. ఇప్పుడు రాత్రిపూట ఛార్జర్లన్నీ ముందుగదిలోనే ఉంటాయి. అందరికంటే ఆలస్యంగా అక్కడికి చేరింది నాదే.