ములా-ముఠా వెంట పిట్టల కోసం: యెరవాడ, కవడీపాట్, భిగ్వాన్

పుణె వెళ్ళినవాళ్ళకు శనివార్‌వాడా, సింహగఢ్ చూపించడానికి చుట్టాలు ఎప్పుడూ సిద్ధమే. నది దగ్గరకు తీసుకెళ్ళమంటే మాత్రం మొహం చిట్లిస్తారు. ఖరాడీలో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలు కూడా "అక్కడేముంది అక్కా, మురుగు తప్ప" అంది. మురుగున్న మాట నిజమే. కానీ జనవరిలో ఆ మురుగు ఒడ్డునే జక్కవల జంటలు దిగుతాయి. వాటికోసం ఆదివారాలు తెల్లవారుజామునే లేచి చెత్త ఏరే మనుషులూ అక్కడే కనిపిస్తారు. ఈసారి సెలవుల్లో కోటలు మానేసి, నది వెంట దిగువకు వెళ్ళాను.

ములా, ముఠా నదులు ఊరి మధ్యలో సంగం దగ్గర కలుస్తాయి. అక్కడినుంచి బండ్ గార్డెన్, యెరవాడ, హడప్సర్ పక్కగా పోయి భీమాలో కలుస్తాయి. భీమా ఉజనీ జలాశయం నింపి, షోలాపూర్ జిల్లా దాటి, నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర కృష్ణను చేరుతుంది. అంటే పుణె వదిలిన నీరు ఎంతో కొంత మన జూరాలకూ వస్తుంది. మనకెందుకులే అనుకునే వీలు లేదు.

బసకు స్టేషను దగ్గరి లాడ్జీలు చవక. నేను దిగిన చోట వేడినీళ్ళు ఏడు గంటల తరువాతే ఇస్తామన్నారు. పిట్టల కోసం అయిదున్నరకే బయలుదేరేవాళ్ళకు అది పనికిరాదు. గది తీసుకునే ముందే అడగండి. కల్యాణీనగర్‌లో గదుల ధర ఎక్కువే కానీ యెరవాడ నది ఒడ్డు నడిచి వెళ్ళేంత దగ్గర. వనాజ్ నుంచి రాంవాడీ దాకా మెట్రో కూడా 2024లో వచ్చేసింది, కాబట్టి ఆటో బేరాలు తప్పుతాయి.

మొదట యెరవాడ. డాక్టర్ సలీం అలీ పక్షి అభయారణ్యం అంటే పెద్ద ద్వారం, టికెట్ల గది ఊహించుకోకండి. అభయారణ్యం అన్నది పిలుపే గాని, వన్యప్రాణుల చట్టం కింద ప్రకటించిన చోటు కాదు. నది వంపులో తుమ్మలు, రెల్లు, బురద గట్లు, వాటి వెనక అపార్టుమెంట్లు. మరుగుదొడ్డి లేదు, తాగునీరు లేదు, దారి చూపే బోర్డు వెతుక్కోవాలి. ఒక పక్క ఎవరో లారీల్లో తెచ్చి పోసిన ఇటుక ముక్కలు, పగిలిన టైల్సు. ఆ కుప్ప మీదే ఒక తెల్లరొమ్ము లకుముకి పిట్ట కూర్చుని ఎలక పిల్లనో తొండనో రాతికేసి బాదుతోంది. కింద బురదలో నత్తగుల్ల కొంగ ముక్కు గుచ్చి గుచ్చి వెతుకుతోంది. పై కొమ్మల్లో చీకటి కొంగలు పగటి నిద్రలో ఉన్నాయి. సౌకర్యాలకు మార్కులు వేయమంటే సున్నా. అయినా ఈ యాత్రలో మొదట చూడాల్సింది ఇదే అంటాను. ఊరు పెరుగుతూ వచ్చి నదిని ఎక్కడ నొక్కుతోందో ఇక్కడ కళ్ళకు కడుతుంది.

ఈ చోటు ఇలా మిగలడానికి కారణం ఆ చుట్టుపక్కల మనుషులే. పుణెలో నది పక్షులను గమనించడం నిన్నటి పని కాదు. పర్యావరణవేత్త ప్రకాశ్ గోళే 1982లో స్థాపించిన ఎకలాజికల్ సొసైటీ రోజుల నుంచే ఉంది. తరువాత మెట్రో దారిని ఆగాఖాన్ ప్యాలెస్ వైపు నుంచి కల్యాణీనగర్ మీదుగా మళ్ళించినప్పుడు, పక్షుల మాటేమిటని నిలదీసింది స్థానికులే. 2022 మార్చిలో ప్రధాని శంకుస్థాపన చేసిన నదీతీర అభివృద్ధి పథకం వచ్చాక గొడవ మరీ ముదిరింది. దాదాపు 44 కిలోమీటర్ల తీరం, సుమారు 4,700 కోట్ల రూపాయలు. గట్లు కట్టి, నడకదారులు వేసి, చెట్లు నాటి అందంగా చేస్తామని నగరపాలక సంస్థ అంటుంది. ఉన్న చెట్లు కొట్టి కొత్తవి నాటడమేమిటని 2023 ఏప్రిల్ 29న వేల మంది చిప్కో (చెట్లను హత్తుకుని కాపాడుకునే ఉద్యమం) పేరుతో నది దగ్గరకు నడిచారు.

బండ్ గార్డెన్ దగ్గర కట్టిన కొత్త గట్టు మీద నేను కూడా నడిచాను. పిల్లల బండి తోసుకెళ్ళడానికి, సాయంత్రం కూర్చోవడానికి బాగుంది, కాదనను. కానీ గట్టు వాలు నునుపుగా ఉన్నచోట పావురాలు తప్ప ఏమీ లేవు. ఉల్లంకి పిట్టకు కావలసింది అడుగు లోతు నీళ్ళు, బురద, కాస్త గడ్డి. మన కంటికి అసహ్యంగా కనిపించే ఆ అంచే దానికి ఇల్లూ వాకిలీ.

రెండోది కవడీపాట్. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో, షోలాపూర్ రహదారి మీద లోణీ కాల్భోర్‌కు ముందు వస్తుంది. సిటీ బస్సులో వెళ్ళవచ్చు గాని తెల్లవారేసరికి అక్కడ ఉండాలంటే ఆటోయే గతి. తిరుగు ప్రయాణానికి బండి దొరకదు కాబట్టి ఆగడానికి కూడా ముందే మాట్లాడుకోండి. నదికి అడ్డంగా పాత రాతికట్ట, దాని మీదుగా పారే నీళ్ళు, కింద తెల్లటి నురుగు. ఆ నురుగు సబ్బుది.

కట్ట రాళ్ళ సందుల్లో ఊరి చెత్త అంతా వచ్చి ఇరుక్కుంటుంది: పాల ప్యాకెట్లు, చెప్పులు, దేవుడి పటాలు, పూజ పూలు మూటగట్టిన ప్లాస్టిక్ సంచులు. నేను వెళ్ళిన ఆదివారం కొందరు ఆ సందుల్లోంచి ఇనుప కొక్కెంతో చీరలు లాగుతున్నారు. తడిసి, ఇసుక పట్టిన చీర ఒక్కటి బయటికి రావాలంటే ముగ్గురు పట్టాలి. కెమెరా తీయబోతుంటే ఒక పెద్దాయన గోనెసంచి, చేతి తొడుగులు ఇచ్చి హిందీలో, "ఫోటోలు తరువాత తీసుకోండి బేటీ, ఎండెక్కితే కంపు భరించలేం" అన్నారు. వానాకాలం వస్తే మళ్ళీ ఇంతే చెత్త వస్తుంది కదా అని అడిగాను. "వస్తుంది. మేమూ వస్తాం" అన్నారు, సంచి మూతి కడుతూ.

సంచి నింపి తలెత్తితే ఎదురుగా జక్కవలు, మచ్చముక్కు బాతులు, ఎర్రటి పొడుగు కాళ్ళ ఉల్లంకులు, గాలిలో నిలబడి నిట్టనిలువుగా నీళ్ళలోకి దూకే నలుపు తెలుపు లకుముకి. దూరం తక్కువ, వెలుతురు మంచిది, టికెట్టు లేదు. ఇన్ని పిట్టలున్నాయంటే నది బాగున్నట్టే అనుకుంటే మాత్రం పొరపాటు. పొడుగు కాళ్ళ ఉల్లంకులకు మురుగులో పెరిగే పురుగులు విందు. అవి పెరిగినంత మాత్రాన నీరు శుభ్రమైనట్టు కాదు. ఒడ్డున చెత్త ఏరేవాళ్ళు పైనుంచి వచ్చే మురుగును ఆపలేరు. దానికి శుద్ధి కేంద్రాలే దిక్కు. జపాన్ సంస్థ జైకా రుణంతో 11 కేంద్రాలు కట్టాలన్న ఒప్పందం 2016 నాటిది.

మూడోది భిగ్వాన్, ఊరికి వంద కిలోమీటర్లు, ఉజనీ ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళ ఒడ్డు. పేరు పెద్దది, జనం ఎక్కువ. కుంభార్‌గావ్‌లో చేపలు పట్టేవాళ్ళే పడవలు నడిపి పిట్టలను చూపిస్తారు. అద్దె పడవకు కడతారు, మనిషికి కాదు. నలుగురు కలిస్తే భారం ఉండదు. వాళ్ళ ఇంట్లోనే జొన్న రొట్టె, చేపల కూర. ఈ యాత్ర మొత్తంలో తిన్న మంచి భోజనం అదే. నగరం హోటళ్ళ కన్నా అక్కడ రాత్రి ఉండటమే మేలు: గది సాదా, మంచం గట్టి, పలకరింపు మంచిది. రాజహంసలు (ఫ్లెమింగోలు) గుంపుగా నీళ్ళలో తల ముంచి తిరుగుతుంటే చూసి తీరాలి. నవంబరులో వెళ్ళి అవి లేవని నొచ్చుకోకండి, జనవరి దాటాక అవకాశం ఎక్కువ.

ఒక్క ఫిర్యాదు. ఎగురుతున్న ఫోటో కావాలని పర్యాటకులు పురమాయిస్తే కొందరు పడవను నేరుగా గుంపు మీదికి తోలుతున్నారు. మా పడవవాడికి అది ఇష్టం లేదు, అయినా పక్క పడవవాళ్ళ అరుపులకు గుంపు లేచిపోయింది. బేరం కుదుర్చుకునేటప్పుడే, "దూరంగా ఆపు, పిట్టలు లేవకపోయినా డబ్బులు పూర్తిగా ఇస్తాం" అని చెప్పండి. ఆ మాట వింటే తెడ్డు వేసే తీరే మారుతుంది.