నాలుగు ‘ఒ’ల సంతకం: తెలుగు వికీపీడియాలో కొత్తవారికి అందే సహాయంపై సమీక్ష

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను చదివేవారు ఎందరో ఉన్నారు గానీ, అందులో రాయడానికి కూర్చున్న కొత్తవారికి సందేహం వస్తే ఎవరు తీరుస్తారో, ఎలా తీరుస్తారో తెలిసినవారు తక్కువ. కొన్నేళ్లుగా అడపాదడపా అక్కడ రాస్తున్న వాడుకరిగా ఆ సహాయం గురించే ఈ సమీక్ష రాస్తున్నాను.

అది నాకు ఎందుకంత విలువైనదిగా తోచిందో తెలియాలంటే, అంతకుముందు మరోచోట జరిగినది చెప్పాలి. మా నాన్నగారు అను ఫాంట్లతో టైపు చేయించి దాచుకున్న వ్యాసాలు కొత్త కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా కనిపించాయి. ఎందుకిలా జరుగుతోందని కంప్యూటరు సందేహాలు తీర్చే ఒక వేదికలో అడిగాను. ‘వెతికితే దొరుకుతుంది’ అని ఒకరు, ‘ఇది కూడా తెలియకుండా వస్తారా’ అని ఇంకొకరు రాశారు. సాయంత్రానికి నా ప్రశ్నను మూసేశారు. ఆ ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే సంకేతం ఇచ్చే పద్ధతిలో, ఉండవనీ, తెలుగు అక్షరం వెనుక వేరే సంకేతం దాగి ఉంటుందనీ, ఆ పాఠాన్ని మార్చుకోవడానికి ప్రత్యేకమైన పరికరాలు ఉన్నాయనీ చాలా రోజుల తర్వాత తెలిసింది. యూనికోడ్ అనే మాటే విననివారు ఆ మాట పెట్టి ఎలా వెతుకుతారు? ఏమని వెతకాలో తెలియకనే కదా మనిషి సాటి మనిషిని అడుగుతాడు! ఆ రోజు కలిగిన చిన్నతనం వల్ల ఆరు నెలలపాటు నేను ఎక్కడా ఏ ప్రశ్నా అడగలేదు.

ఆ జంకుతోనే తెలుగు వికీపీడియాలో ఖాతా తెరిచాను. మా ఊరి వ్యాసంలో పాత దిగుడుబావి గురించి నాలుగు వాక్యాలు చేర్చి, దానికి మూలం ఎలా ఇవ్వాలో తెలియక, నా చర్చ పేజీలో, అంటే ఇతర వాడుకరులతో మాట్లాడుకునే పేజీలో, ‘సహాయం కావాలి’ అనే మూసను (ముందే తయారుచేసి ఉంచిన పాఠాన్ని) పెట్టి సందేహం రాశాను. చర్చ పేజీలో రాసినప్పుడు చివర నాలుగు టిల్డెలు (~ గుర్తులు) పెడితే సంతకం దానంతటదే వస్తుందని చదివి అలాగే చేస్తే, నా పేరుకు బదులు ‘ఒఒఒఒ’ అని పడింది. రెండోసారి ప్రయత్నించినా అంతే. చివరికి సిగ్గుపడుతూనే ‘నా సంతకం పడటం లేదు, నాలుగు ఒలు పడుతున్నాయి’ అని రాసి పడుకున్నాను.

తెల్లవారేసరికి అక్కడి వాడుకరి ఒకరు జవాబిచ్చారు. నా వాడుకరి పేరు పక్కన గారు చేర్చి, ‘మీరు చేసింది సరైనదే’ అని మొదలుపెట్టారు. నేను వాడుతున్న ఇన్‌స్క్రిప్టు అనే తెలుగు కీబోర్డు అమరికలో టిల్డె ఉండే మీట మీదే ‘ఒ’ అక్షరం ఉంటుందనీ, కంట్రోల్, ఎమ్ మీటలు కలిపి నొక్కితే వికీపీడియాలోని తెలుగు టైపింగు ఆగి ఇంగ్లీషు వస్తుందనీ, అప్పుడు 1 అంకెకు ఎడమవైపున్న మీటను షిఫ్టుతో కలిపి నాలుగుసార్లు నొక్కమనీ రాశారు. ఆ తర్వాతే నా అసలు ప్రశ్నకు వచ్చి, నేను రాసిన వాక్యాల్లో ఒకదానికి తామే మూలం చేర్చి చూపించి, మిగిలినవి నన్నే చేయమన్నారు.

ఈ సేవలో నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునేది ఈ ఓర్పునే. నా కీబోర్డు ఏదో నేను చెప్పలేదు. చెప్పాలని కూడా నాకు తెలియదు. ఆ నాలుగు అక్షరాలను బట్టే వారు కారణాన్ని పట్టుకున్నారు. సహాయ పేజీకి ఒక లంకె పడేసి వెళ్లిపోవడం ఎంతో సులభం, తప్పు కూడా కాదు; కానీ మీట ఎక్కడుందో చెప్పినవారే నిజంగా నా పక్కన కూర్చున్నట్టు అనిపించింది. ఆంగ్ల వికీపీడియాలో కొత్తవారిని కరవవద్దని చెప్పే మార్గదర్శకం ఉంది, వారి ప్రశ్నల కోసమే 2012లో టీహౌస్ అనే వేదికను ప్రారంభించారు. మన దగ్గర ఆ మర్యాదలో సగం పని ‘గారు’ అనే మాటే చేస్తుంది: బడి పిల్లవాడు అడిగినా, పదవీ విరమణ చేసిన పంతులుగారు అడిగినా ఎదుటివారి వయసు తెలియని ఆ చోట అందరూ గారే.

లోపాలు లేకపోలేదు. సహాయ కేంద్రం, అందరూ కలిసి చర్చించుకునే రచ్చబండ, వ్యాసం చర్చ పేజీ, సొంత చర్చ పేజీ అని ఇన్ని చోట్లుంటే ఏది ఎక్కడ అడగాలో కొత్తవారికి బోధపడదు. మూస, దస్త్రం (ఫైలు), దారిమార్పు (ఒక పేజీ నుంచి మరో పేజీకి మళ్లించడం) వంటి మాటలు అలవాటయ్యాక హాయిగా ఉంటాయి గానీ, మొదటి రోజున అవే అడ్డుగోడలు. వేరే వెబ్‌సైటు నుంచి యథాతథంగా తెచ్చిన పాఠాన్ని కాపీహక్కుల వల్ల తొలగించక తప్పదు. అయితే ముందే రాసిపెట్టిన హెచ్చరిక ఒక్కటే కనిపిస్తే, ఉత్సాహంగా వచ్చినవారికి అది గద్దింపులా వినిపిస్తుంది. దాని కింద ఎవరైనా సొంత మాటల్లో రెండు వాక్యాలు రాస్తే ఆ కొత్తవారు అక్కడ నిలబడతారు. జవాబిచ్చేవారంతా జీతం లేని స్వచ్ఛంద సేవకులు కాబట్టి ఒక్కోసారి రెండు రోజులు వేచి ఉండవలసి వస్తుంది, దానికి నేను మార్కులు తగ్గించను. అడిగేవారు కూడా ఏ వ్యాసంలో, ఏం చేయబోతే, తెర మీద ఏం కనిపించిందో రాస్తే చాలు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఇప్పుడు చర్చ పేజీల్లో తెర మీద జవాబు కోసం ఉన్న మీట నొక్కి రాస్తే సంతకం దానంతటదే చేరుతుంది కాబట్టి నాకు వచ్చిన చిక్కు చాలామందికి రాదు. ఆ జవాబును మాత్రం, పైనున్న నాలుగు ‘ఒ’లతో సహా, నా చర్చ పేజీలో అలాగే ఉంచాను.