అరవై దాటాక బేస్‌బాల్ క్యాంపు: ఫ్లోరిడాలో నా వారం రోజులు

నాకు అరవై మూడేళ్లు, ఉండేది అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, చిన్నప్పుడు గుంటూరులో ఆడింది క్రికెట్టే. ఈ జనవరిలో ఫ్లోరిడా పడమటి తీరాన ఒక బేస్‌బాల్ ఫాంటసీ క్యాంపుకి వెళ్లొచ్చాను. వెళ్లాలనుకునే మన వయసువాళ్లు ఏ మాజీ ఆటగాడు కోచ్‌గా వస్తున్నాడన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు నొప్పులు, గాయాలు చూసే ట్రైనర్లు ఎంతమంది, గదినుంచి గ్రౌండ్ ఎంత దూరం, ఈ రెండూ అడగండి.

చికాగో కబ్స్ మాజీ క్యాచర్ ర్యాండీ హండ్లీ 1983లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. డబ్బు కట్టి, పెద్ద జట్లు ప్రాక్టీస్ చేసే గ్రౌండ్లలోనే వాళ్ల యూనిఫాం వేసుకుని ఆడొచ్చు. మాకు రోజుకి రెండు మ్యాచ్‌లు. విమానంతో కలిపి ఐదు వేల డాలర్లు దాటింది, తక్కువేం కాదు. కానీ మొదటిరోజు లాకర్ మీద మా ఇంటిపేరు, లోపల తగిలించిన చొక్కా చూసి నాకు నోట మాట రాలేదు.

క్రికెట్ అలవాట్లు అంత తొందరగా పోవు. మొదటి బంతి తగలగానే బ్యాట్ పట్టుకునే పరిగెత్తాను, కింద పడెయ్యమని అందరూ అరుపులు. ముచ్చటగా లెగ్ గ్లాన్స్ ఆడితే బంతి గీత బయటికి పోయిందని ఫౌల్ అన్నారు. అసలు కష్టం పరుగులో ఉంది: మన పిచ్ మొత్తం 66 అడుగులు, ఇక్కడ బంతి కొట్టగానే చేరాల్సిన ఫస్ట్ బేస్‌కి 90 అడుగులు, అదీ నిలబడ్డచోటినుంచి ఒక్కసారిగా. మూడోరోజు తొడ వెనక కండ పట్టేసింది. ఉన్నది ఇద్దరే ట్రైనర్లు, పొద్దున్నే ఏడింటికి వాళ్ల గది ముందు మాలాంటి వాళ్లతో పెద్ద క్యూ. వాళ్లు చాలా ఓపికగా చూశారు, కానీ నా వంతు వచ్చేసరికి మొదటి మ్యాచ్ మొదలైపోయింది. హోటల్ చూస్తే బస్సులో ఇరవై ఐదు నిమిషాలు, కాలు చాపుకోవడానికి కూడా వీల్లేదు. శాకాహారులకి మధ్యాహ్నం బ్రెడ్డు, సలాడే, పెరుగు నేనే కొనుక్కున్నాను.

తిరిగొచ్చేముందు కారు తీసుకుని వీరో బీచ్ వెళ్లాను. 1948 నుంచి 2008 దాకా డాడ్జర్స్ జట్టు శిక్షణ తీసుకున్న చోటు, ఇప్పుడు ఆ జట్టు పాత ఆటగాడు జాకీ రాబిన్సన్ పేరు పెట్టారు. లోపలి వీధులకి ఆటగాళ్ల పేర్లు, గదులు గ్రౌండ్ల పక్కనే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నడిచి వెళ్లిపోవచ్చు. బస సంగతికొస్తే నా ఓటు దానికే. లేక్‌ల్యాండ్‌లో 1934 నుంచీ డెట్రాయిట్ టైగర్స్ జట్టు శిక్షణ తీసుకుంటోంది, టాంపా, ఓర్లాండో రెండు ఎయిర్‌పోర్టులూ దగ్గరే. సొంత జట్టు ఉన్నవాళ్లయితే నవంబర్‌లో ఫోర్ట్ మయర్స్‌లో జరిగే రాయ్ హాబ్స్ టోర్నమెంట్ చూడండి, అక్కడ డెబ్బై దాటినవాళ్లకి కూడా విడిగా పోటీలున్నాయి.

ఎక్కడికెళ్లినా రెండు నెలల ముందునుంచే చిన్న చిన్న పరుగులు మొదలుపెట్టండి. వాకింగ్ ఒక్కటే సరిపోదు. నేను రోజూ గంట నడిచేవాణ్ణి, అయినా ఆ కండ మూడోరోజే పట్టేసింది.